ఫార్మాట్ తీర్థం

మా లాప్‌టాప్‌కి గొంతు పోయింది వినాయక చవితి మూడో రోజున. పందిట్లో పాటల పెన్‌డ్రైవ్ మొరాయిస్తే, మావాడు ఇంట్లోంచి లాప్‌టాప్ పట్టుకెళ్లి, చార్జరు వాచ్‌మెన్ గదిలో పెట్టి, మైక్ సెట్ వైరు హెడ్‌ఫోన్ రంధ్రంలోకి తోశాడు. టప్‌మని చిన్న మెరుపు. అంతే, మళ్లీ అది నోరు విప్పలేదు. మాడు వాసన కూడా వచ్చిందట గానీ, పులిహోర పోపనుకున్నారు.

రిపేరు షాపు కుర్రాడికి ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. మెరుపు, టప్పు, వాసన, ఏదీ దాచలేదు. ఓపిగ్గా విన్నాడు. మూత తెరిచాడు. "డ్రైవర్ పోయింది సార్, ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నాడు.

మన ఊళ్లలో ఫార్మాట్ అంటే తీర్థం. స్లోగా ఉందా, ఫార్మాట్. వేడెక్కుతోందా, ఫార్మాట్. కీబోర్డు మీద కాఫీ ఒలికిందా, ఆరబెట్టి ఫార్మాట్. కరెంటు కొట్టిన చిప్పుకి విండోస్ మళ్లీ ఎక్కించడమంటే, కాలు విరిగినవాణ్ణి పేరులో ఒక అక్షరం పెంచుకోమనడమే. న్యూమరాలజీ వాళ్లు నయం, పెళ్లి ఫోటోలు చెరిపెయ్యరు.

జరిగిందేమిటో పందిట్లోకి వెళ్లి చూస్తే తెలిసింది. మైక్ సెట్ కరెంటు వైరుకి ప్లగ్గే లేదు. రెండు తీగల కొసలు సాకెట్టు రంధ్రాల్లో గుచ్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు దిగేశారు. మూడో రంధ్రం, అంటే ఎర్త్, ఖాళీ. ఆంప్లిఫయర్ లోపల లీకైన కరెంటు దాని రేకు డబ్బా మీద కూర్చుని దారి కోసం చూస్తోంది. నేను టెస్టర్ ఆనించి, అది వెలగడం చూపిస్తే, "మీ టెస్టర్ పాడైంది సార్" అన్నాడు మైకతను.

మా చార్జరుదేమో మూడు పిన్నుల ప్లగ్గు. వాచ్‌మెన్ గదిలో ఎర్త్ సక్రమంగా ఉంది (మా బిల్డరు చిత్తశుద్ధితో చేసిన ఏకైక పని). కరెంటుకి దారి దొరికిపోయింది. ఆ హెడ్‌ఫోన్ పిన్ను లోపలికి దూరేటప్పుడు ముందు తగిలేది దాని కొస. ఎర్త్ భాగం ఆఖర్న కలుస్తుంది. ఆ కాస్త వ్యవధిలో వచ్చిందంతా పాటని మోసే తీగ మీదుగా వెళ్లి ఆడియో కోడెక్ అనే చిప్పుని తన్నింది. అదెంత? చిటికెన వేలి గోరంత. మహా అయితే 5 వోల్టులతో బతికే ప్రాణి.

ఇది తేల్చడానికి పది నిమిషాలు చాలు. పాట పెడితే సౌండ్ ప్యానెల్లో పచ్చగీత గంతులేస్తూనే ఉంది. అంటే విండోస్ తన వంతు పాట పాడేస్తోంది, మోసేవాడే లేడు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌లో పాట శుభ్రంగా వస్తోంది, ఎందుకంటే ఆ దారి కాలిన చిప్పు గుమ్మం తొక్కదు. ఇంకా అనుమానముంటే పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ ఎక్కించి వినాలి. అక్కడా మూగే అయితే డ్రైవర్ మీద కేసు కొట్టేసినట్టే. ఇక స్పీకర్ తీగలు ఊడదీసి మల్టీమీటర్ పెడితే, 4 ఓమ్‌లో 8 ఓమ్‌లో చూపిస్తే స్పీకర్ కాయిల్ బతికున్నట్టు.

మల్టీమీటర్ ఆ షాపులో లేకపోలేదు. ఫ్యాను గాలికి బిల్లు బుక్కు ఎగిరిపోకుండా దాని మీద పెట్టారు.

ఫార్మాట్ అయింది, 600 రూపాయలు. నిశ్శబ్దం మాత్రం సరికొత్త విండోస్‌లో మరింత స్పష్టంగా వినిపించింది. అప్పుడు కుర్రాడు లోపలికెళ్లి ఓనర్ని పిలుచుకొచ్చాడు. ఆయన లాప్‌టాప్‌ని ముట్టుకోలేదు, నాడి కూడా చూడకుండా చెప్పేశాడు. "మదర్‌బోర్డు సార్. 14,000 అవుద్ది." సాఫ్ట్‌వేర్ జబ్బుకి, ప్రాణం పోవడానికి మధ్య ఈ వైద్యంలో మరో రోగమే లేదు. రాత్రికి రాత్రి జలుబు కాస్తా గుండె మార్పిడి అయిపోయింది.

ఇంటికొచ్చి 300 రూపాయల యూఎస్‌బీ సౌండ్ కార్డు ఒకటి తెప్పించాను. బొటనవేలంత ఉంటుంది, దాని చిప్పు దానికే ఉంటుంది. గుచ్చగానే పాట మొదలైంది. ఊరుకోలేక, మర్నాడు అటుగా వెళ్తూ షాపులోకి తొంగిచూసి సంగతి చెప్పాను.

కుర్రాడి ముఖం విప్పారింది. "మనం ఫార్మాట్ కొట్టాం కదా సార్, అందుకే తీసుకుంది."