ప్రత్యేక గీతానికి బ్రహ్మరథం

సకల థియేటర్ల సింహాసనాధీశ్వరీ, ఇంటర్వెల్ తరువాత కథ కాళ్ళు పీక్కుపోయి కూలబడిన ప్రతిసారీ చెయ్యిచ్చి లేపే ప్రాణదాత్రీ, పంపిణీదారుల పాలిటి కల్పవల్లీ, ట్రైలరు నుదుటి తిలకమా, లిరికల్ వీడియో శిరసున కిరీటమా, నిన్నటిదాకా ఐటం సాంగుగా, నేడు స్పెషల్ సాంగుగా పూజలందుకొంటున్న ఓ గీతమహారాజ్ఞీ! నీకు జయము, విజయము, దిగ్విజయము.

నీ నియమనిష్ఠను చూస్తే మడి కట్టుకున్న శ్రోత్రియుడైనా తల వంచాలి. కల్లుపాకో, సారాకొట్టో, లారీల అడ్డాయో, విలన్ గోదామో తప్ప మరోచోట పాదం మోపవు. రాత్రి తప్ప పగటిపూట దర్శనమివ్వవు. నూనె పీపాల్లో మంటలు లేచేదాకా, రంగుదీపాల తోరణాలు వెలిగేదాకా, లుంగీలు ఎగగట్టి, సీసాలు చేతబట్టి, తువ్వాళ్ళు గాల్లో తిప్పుతూ మగజనం గుంపుగా మూగేదాకా తెర తియ్యవు. అన్నీ అమరాక ఆమె వస్తుంది. ఎక్కడినుంచి వచ్చింది, ఎవరు రమ్మన్నారు, ఆమె పేరేమిటి అనే అల్పమైన ప్రశ్నలను నీ ఆస్థానంలోకి నువ్వు ఏనాడూ రానివ్వలేదు. రెండో చరణానికి కథానాయకుడు విచ్చేస్తాడు. అతడు పోలీసైతే మారువేషంలో, దొంగైతే నిజవేషంలో. గుంపు చూస్తే వెకిలి చూపు, అదే అతడు చూస్తే ఠీవి అవుతుంది. పాట ముగియగానే విలన్ దొరుకుతాడు, ఆమె మాయమవుతుంది. ఇంత కట్టుదిట్టంగా సంప్రదాయాన్ని కాపాడుకొస్తున్నది మన సినిమాలో నువ్వు కాక మరెవరు? కథ మారింది, కెమెరా మారింది, రీలు పోయి డిజిటల్ వచ్చింది. నీ సెట్టులో గుంజ మాత్రం అంగుళం కదలలేదు.

శ్రమజీవుల పట్ల నీకున్న గౌరవం గురించి విడిగా చెప్పుకోవాలి. మూటలు మోసేవాడు, లారీ తోలేవాడు, కల్లు గీసేవాడు తక్కిన సినిమాలో ఎక్కడా కానరాడు. వాడికి తెరమీద సుస్థిరమైన స్థానం కల్పించిన దయామయివి నువ్వే. వాడి సాయంత్రాన్ని ఆమూలాగ్రం పరిశోధించి, వాడికి ఇల్లూ పిల్లలూ లేరనీ, వడ్డీ వ్యాపారి బాకీ లేదనీ, నడుంనొప్పి లేదనీ, పొద్దుగూకితే నోరు తెరుచుకొని ఆడదాన్ని చూడడమే వాడి కులవృత్తి అనీ సిద్ధాంతం చేశావు. సాయంత్రం అలసిపోయి అన్నం తిని పడుకునే కూలివాడు ఒక్కడైనా ఆ గుంపులో ఉంటే ఫ్రేము పాడవుతుందని నీకు తెలుసు. గుంపులో ఆడమనిషి ఒక్కతీ ఉండదు. ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరినీ ఆ రాత్రికి ఎక్కడ దాచావో గానీ, అంతటి ఏర్పాటు రాజుల దండయాత్రల్లో కూడా జరగలేదు.

ఇక నీ కెమెరా కళాకౌశలం! ఏ ప్రత్యేక గీతమైనా తెచ్చి మొదటి అర నిమిషం ఆపి ఆపి చూస్తే చాలు, నీ శిల్పరహస్యం బోధపడుతుంది. మొదట గజ్జె కట్టిన మడమ, పిమ్మట నడుము, అదీ చెమట చుక్క జారే చోట, ఆపైన వీపు, వీపుమీది ముడి, మళ్ళీ నడుము. మనిషి ఒక్కసారిగా నిలువునా కనపడితే చూసేవాడు తట్టుకోలేడేమోనన్న కనికరంతో ముక్కలు ముక్కలుగా పంచి పెడతావు. ముఖం చివర వస్తుంది. వచ్చినా వెంట్రుకలు అడ్డుపడతాయి, లేదా కన్ను కొట్టి వెళ్ళిపోతుంది. పూర్వం గోదావరి జిల్లాల కలావంతులు చాపమీద కూర్చున్నచోటు నుంచి లేవకుండానే క్షేత్రయ్య పదంలోని ఒక్క పాదాన్ని పట్టుకొని, కనుబొమతో ఒక అర్థం, పెదవి విరుపుతో ఒక అర్థం, తల తిప్పి మరో అర్థం చూపుతూ సభను గంటసేపు కూర్చోబెట్టేవారు. అలిగిన స్త్రీ, మోసపోయిన స్త్రీ, మోసం తెలిసీ నవ్వే స్త్రీ ఒక్క ముఖం మీదే వచ్చి పోయేవారు. అది చూడాలంటే చూసేవాడికి కూడా కాస్త మనసు ఖర్చవుతుంది. ఆ ఖర్చు నుంచి తెలుగు ప్రేక్షకుణ్ణి శాశ్వతంగా విముక్తుణ్ణి చేసిన ఉదారురాలివి.

1975లో లారా మల్వీ అనే పండితురాలు ఇంగ్లండులో ‘స్క్రీన్’ అనే పత్రికకు పెద్ద వ్యాసం రాసి, సినిమాలో చూపులు మూడు విధాలనీ, కెమెరా చూపు, తెరమీది పాత్రల చూపు, హాల్లో కూర్చున్నవాడి చూపు అనీ, ఆ మూడూ కలిసి మగవాడి చూపుగా ఆడదాని మీద వాలతాయనీ నానా తంటాలు పడి నిరూపించింది. ఫ్రాయిడును పిలిచింది, హాలీవుడ్ చిత్రాలను సాక్ష్యానికి తెచ్చింది. పాపం, నిన్ను చూడలేదు. చూసి ఉంటే అంత సిరా అవసరమయ్యేది కాదు. నువ్వు ఆ మూడు చూపులనూ ఒక్క ఫ్రేములో వరుసగా నిలబెడతావు. ముందు ఆమె, వెనుక గుంపు, గుంపు భుజాల మీదుగా కెమెరా, కెమెరా వెనుక మేము. ఎక్కడ చూడాలో, ఎలా చూడాలో, ఎప్పుడు ఈల వెయ్యాలో ఆ గుంపే మాకు నేర్పుతుంది. హాల్లో ఆడవాళ్ళు కూర్చున్నా వాళ్ళకూ అదే కుర్చీ కేటాయిస్తావు. వేరే కుర్చీ వెయ్యకపోవడంలో నీ సమదృష్టి వెల్లడవుతోంది.

నీ మహిమకు పరాకాష్ఠ 2021లో ‘పుష్ప’ మొదటి భాగంలో జరిగింది. అందులోని ప్రత్యేక గీతం రాసినది చంద్రబోస్, స్వరపరచినది దేవిశ్రీప్రసాద్, తెరమీద సమంత. పాడిన గొంతు ఇంద్రావతి చౌహాన్‌ది. కల్తీ లేని, గరుకైన, నేలమీది గొంతు. సాహిత్యం సాక్షాత్తూ అభియోగపత్రం. ఆడది ఏ బట్ట కట్టినా, ఏ రంగున్నా, సన్నగా ఉన్నా లావుగా ఉన్నా మగవాడి చూపు వంకరే అన్నది దాని సారాంశం. ఆ అభియోగాన్ని నువ్వు ఎంత నిజాయితీగా స్వీకరించావంటే, గొంతు మగవాడి చూపును నిలదీస్తుంటే, అదే క్షణంలో కెమెరాను ఆమె నడుం దగ్గర నిలబెట్టి, ఆ నేరం ఎలా ఉంటుందో ప్రత్యక్షంగా చేసి చూపించావు. ఫిర్యాదీ, ముద్దాయీ, సాక్షీ ఒకే పాటలో కూడడం, తీర్పు మాత్రం పెట్టె నిండా కలెక్షన్లుగా రావడం న్యాయశాస్త్ర చరిత్రలోనే అపూర్వం. ఆ పాట మగవాళ్ళను అవమానించిందంటూ ఒక పురుషుల సంఘం కేసు వేసిందని పత్రికల్లో వచ్చింది. అవమానం ఎవరికి జరిగిందో అంత త్వరగా పసిగట్టిన ఆ సంఘం వారి సూక్ష్మబుద్ధి నీ శిక్షణ ఫలమే.

నీ వంశచరిత్ర కూడా ఉజ్జ్వలమైనది. 1953 నాటి ‘దేవదాసు’లో చంద్రముఖి అనే నర్తకి ఉంది. లలిత వేసింది ఆ వేషం. ఆమెకో పేరుంది, ఇల్లుంది, దేవదాసును చూసి మారిపోయిన మనసుంది. నర్తకికి మనసు పెట్టడమంటే కథలో ఎంత చోటు వృథా! తరువాతి వాళ్ళు ఆ పొరపాటును దిద్దుకున్నారు. ఎల్.ఆర్. ఈశ్వరి గొంతు, జ్యోతిలక్ష్మి వేగం, జయమాలిని నవ్వు, హలం విసురు, వీళ్ళలో ఒక్కొక్కరూ ఒక్కో విద్య. వాళ్ళ విద్యను మాత్రం ఉంచుకొని తక్కినవన్నీ వదిలించుకున్నావు. ఏలూరు దగ్గర కొవ్వలిలో పుట్టిన విజయలక్ష్మిని తెచ్చి సిల్క్ స్మితను చేశావు. 1981లో భారతీరాజా ‘సీతాకోకచిలుక’లో ఆమెకొక గృహిణి వేషమిచ్చి, ఆ పెద్ద పెద్ద కళ్ళతో మాటలు లేకుండానే భయాన్నీ జాలినీ పలికించాడు. అది నీకు కొంచెం ఆందోళన కలిగించి ఉండాలి. ఆమె కళ్ళకు అలాంటి పని మళ్ళీ తరచుగా తగలకుండా పదిహేనేళ్ళపాటు రాత్రింబవళ్ళు నీ కొలువులోనే ఉంచుకున్నావు. 1996 సెప్టెంబరులో ఆమె మద్రాసులోని ఇంట్లో చనిపోయింది. ఆ తరువాత నీ కొలువులో ఒక ఖాళీ వచ్చింది, భర్తీ అయింది.

అంతటితో ఆగక, నీ దయ అగ్రతారలకూ విస్తరించింది. ఒకప్పుడు కథానాయిక పూజగదిలో ఉంటే నర్తకి క్లబ్బులో ఉండేది, ఇద్దరివల్లా రెండు కుటుంబాలు గడిచేవి. ఇప్పుడు పెద్ద కథానాయికే అయిదు నిమిషాలకు వచ్చి ఆడి, కోట్లు పుచ్చుకొని వెళుతుంది. గ్రూపు డాన్సరుగా మొదలై ఎప్పటికైనా ముందు వరసలోకి రావాలనుకునే అమ్మాయికి ఆ ఆశ అనే బరువు కూడా దించేశావు. ఆమె వెనక వరసలోనే, అదే రంగు బట్టల్లో, కెమెరా ఫోకస్ అందని చోట క్షేమంగా ఉంది.

అక్షరసేవలోనూ నీకు నువ్వే సాటి. తెలుగు పాట లిరికల్ వీడియోలో పదాలు ఇంగ్లీషు అక్షరాల్లో మెరుస్తూ వస్తాయి. తెలుగు చదవలేని తెలుగు పిల్లలకు నువ్వు పెట్టిన ఉచిత బడి అది.

నీ తెలివికి చట్టాలు కూడా దారి ఇస్తాయి. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం థియేటరుకు వెళ్ళే బొమ్మకు సెన్సారు వారి పత్రం కావాలి. అదే పాట విడుదలకు ముందే విడిగా ఫోనులోకి రావడానికి ఆ పత్రం అక్కర్లేదు. కాబట్టి ముందు ఫోనులో ఊరంతా తిరిగి, అందరూ చూశాక, తీరిగ్గా సెన్సారు గడప తొక్కుతావు. 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ పాటల్లో అసభ్యమైన స్టెప్పులు వద్దని సినిమావారికి హెచ్చరిక జారీ చేసింది. ఆ నెలాఖరున వచ్చిన ‘రాబిన్‌హుడ్’లో గొడవకు కారణమైన స్టెప్పును థియేటరు ప్రతి నుంచి తీసేశారు. అప్పటికే ఆ స్టెప్పు నేర్చుకోవలసిన వాళ్ళందరూ నేర్చేసుకున్నారు. నేర్చుకున్నవాళ్ళలో చాలామందికి పాలపళ్ళు కూడా ఊడలేదు. 2019 జూన్‌లోనే కేంద్ర సమాచార ప్రసార శాఖ, డాన్స్ పోటీల్లో పసిపిల్లలతో పెద్దవాళ్ళ సినిమా స్టెప్పులు వేయించవద్దని టీవీ చానళ్ళకు సలహా పంపింది. సలహా కదా, వినయంగా అందుకొని ఫైల్లో పెట్టుకున్నారు. బడి వార్షికోత్సవంలో రెండో తరగతి పాప చెమ్కీ గాగ్రా కట్టుకొని, కళ్ళు మైకువాడి మీద పెట్టి, అర్థం తెలియకుండా నడుం తిప్పుతూ పెదవి కొరుకుతుంది. ముందు వరసలో కూర్చున్న తల్లిదండ్రులు ఫోన్లు పైకెత్తి పట్టుకుంటారు. నీ పాటలోని గుంపు కూర్చున్నచోటే తామూ కూర్చున్నామని వాళ్ళకు తట్టకుండా ఉండేలా అలవాటు చేసిన నీ బోధనాపటిమను ఏ గురుకులం అందుకోగలదు?

గీతమహారాజ్ఞీ, ఒక్కటే విన్నపం. రేపు ఏ కుర్రదర్శకుడో తెలియనితనం కొద్దీ, ఈసారి ఆమెకొక పేరు పెడదామని అంటే వెంటనే వారించు. పేరు పెడితే ఏ ఊరమ్మాయని అడుగుతారు. ఊరు చెబితే ఈ పనిలోకి ఎలా వచ్చిందని అడుగుతారు. అది చెబితే, పాట అయిపోయి, విలన్ను జీపెక్కించుకొని హీరో వెళ్ళిపోయాక, తాగిన మగవాళ్ళు అంతమంది మధ్య నుంచి ఆ అర్ధరాత్రి ఆమె ఇంటికి ఎలా చేరిందో చూపించమంటారు. ఆ సీను రాయడానికి మనిషి కావాలి, తియ్యడానికి ఇంకో రెండు రాత్రుల షూటింగు కావాలి, నిర్మాత ఒప్పుకోడు.