కార్బొరేటర్ తేటగీతికి టీకా తాత్పర్యం

అవతారిక

అనుబంధ చతుష్టయం చెప్పకుండా ఏ శాస్త్రగ్రంథమూ తెరవరాదని పెద్దల ఆజ్ఞ. కనుక చెబుతున్నాం. విషయం: రోజూ నడిపే పాత అంబాసిడర్‌కు ఏ కార్బొరేటర్ పెట్టాలన్నది. ప్రయోజనం: వేళకు ఆఫీసు చేరడం. సంబంధం: పద్యానికీ పెట్రోల్ బిల్లుకూ నడుమ ఉన్నది. ఇక అధికారి ఎవరన్న దగ్గరే చిక్కు. బండి మిస్సింగ్ కొట్టగానే నేరమంతా కార్బొరేటర్ మీదికి నెట్టేవాడు ఈ పద్యం చదవడానికి అర్హుడు కాడు. ముందు టాపెట్లు సరిచేయించాలి. ప్లగ్గులు తుడిపించాలి. డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల మధ్య సుమారు 0.4 మి.మీ. ఎడం ఉందో లేదో చూపించాలి. టైమింగ్ పెట్టించాలి. ఇన్ని చేశాక కూడా బండి సణుగుతూంటే అప్పుడు చేతులకంటిన గ్రీజు కడుక్కుని పుస్తకం పట్టుకోవచ్చు.

కవి ఎవరో తెలియదు. కాలనిర్ణయం మాత్రం సులువు. పద్యంలో సిగ్నలుంది గనుక ట్రాఫిక్ పోలీసు తరవాతివాడు. కార్బొరేటరుంది గనుక ఇంజెక్షన్‌కు ముందువాడైనా కావాలి, ఇంజెక్షన్ బిల్లు చూసి వెనక్కి వచ్చినవాడైనా కావాలి.

పద్యము

రోజు రోడ్డెక్కు బండికి రొదలు వలదు;
పొద్దుటే లేచి, సిగ్నలు పొంత నిలిచి,
వీధి మేస్త్రీ యెఱింగిన విద్య యగుచుఁ
గొంచెమే త్రాగు కార్బునే కొనఁగఁ దగును.

ప్రతిపదార్థము

రోజు = ప్రతిదినమూ, వానొచ్చినా పెళ్ళొచ్చినా; రోడ్డు + ఎక్కు = రహదారి పట్టునట్టి; బండికిన్ = అంబాసిడర్‌కు; రొదలు = పైపులోంచి వచ్చే గర్జనలు; వలదు = అక్కరలేదు; పొద్దుటే = తెల్లవారుతూనే; లేచి = సెల్ఫ్ కొట్టిన వెంటనే స్టార్టయి; సిగ్నలు పొంతన్ = ఎర్రదీపం చెంత; నిలిచి = ఆగిపోకుండా ఐడ్లింగులో నిలబడి; వీధి మేస్త్రీ = మన వీధి చివరి షెడ్డు మెకానిక్; ఎఱింగిన = విప్పి బిగించ నేర్చిన; విద్య + అగుచున్ = పనితనానికి లోబడినదై; కొంచెమే = మితంగా; త్రాగు = పెట్రోల్ పుచ్చుకొనునట్టి; కార్బునే = కార్బొరేటర్‌నే; కొనఁగన్ = వెల ఇచ్చి తెచ్చుకొనుటకు; తగును = యుక్తమగును.

తాత్పర్యము

రోజూ నడిపే బండికి గుర్రపుశక్తి చూసి కార్బొరేటర్ ఎంచకూడదు. ఉదయం లేవడం, సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆరిపోకుండా ఉండడం, దగ్గరి మెకానిక్ చేతికి లొంగడం, పెట్రోల్ మితంగా తాగడం – ఈ నాలుగూ చూసి ఎంచాలని భావము.

విశేష వ్యాఖ్య

*బండి.* కవి ఏ బండో చెప్పలేదు. తెలుగునాట కలెక్టరు దిగినా, ఎమ్మెల్యే దిగినా, పెళ్ళికొడుకు దిగినా ఒకే బండిలోంచి దిగిన కాలం ఒకటుంది గనుక అంబాసిడర్ అనే గ్రహించాలి. ఇది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 వంశం. హిందుస్థాన్ మోటార్స్ వారి ఉత్తరపారా కర్మాగారంలో 2014 దాకా తయారైంది. పాత పెట్రోల్ బండిలో ఉన్నది బీఎంసీ వారి బి–సిరీస్ ఇంజన్, 1489 సీసీ. దాని పక్కన కూర్చున్న గుమ్మటం తలకాయే ఎస్‌యూ కార్బొరేటర్. ఎస్‌యూ అంటే స్కిన్నర్స్ యూనియన్. ఆ స్కిన్నర్లు లండన్‌లో చెప్పుల వ్యాపారపు కుటుంబం. తొలి ఎస్‌యూలో పిస్టన్‌కు బదులు తోలుతిత్తి ఉండేదంటే ఇంటి సరుకే వాడారని తెలుస్తోంది. కొన్ని బళ్ల మీద సోలెక్స్ రకం కూడా కనిపిస్తుంది.

*రోజు.* ఈ పదంతో ఆదివారం బళ్లు తొలగిపోయాయి. షెడ్డునుంచి వింటేజ్ ప్రదర్శన దాకా పోయి, ఫొటోలు దిగి వచ్చే బండికి ఏ కార్బొరేటరైనా ఒకటే. రోజు బండి గతి వేరు. ఊళ్లో నలభై మీద పోతుంటే ఇంజన్ రెండువేల తిప్పులు కూడా దాటదు. థ్రాటిల్ రేకు వెంట్రుకవాసి తెరుచుకుంటుంది. ఆ స్థితిలో సోలెక్స్ లాంటి కార్బొరేటర్లో మెయిన్ జెట్ దాదాపు మౌనం. పని చేసేది ఐడ్లింగ్ జెట్టూ, థ్రాటిల్ అంచున ఉండే సన్న రంధ్రాలూ. పెద్ద కార్బొరేటర్ కొనేవాడు తాను ఎన్నడూ వాడని భాగానికి డబ్బిచ్చి, రోజంతా వాడే భాగాన్ని ఉచితంగా పాడుచేసుకుంటున్నాడని గూఢార్థం.

*రొదలు వలదు.* ఇక్కడ లెక్క చెప్పాలి. 1489 సీసీ ఇంజన్ రెండు తిప్పులకొకసారి తన కడుపు నింపుకుంటుంది. అయిదువేల తిప్పుల దగ్గర కూడా నిమిషానికి 3,700 లీటర్ల చిల్లర గాలిని మించి పీల్చలేదు. నిజానికి అంత కూడా నిండదు. దానికి రేసు బండి గొంతు తగిలిస్తే గాలి తీరిగ్గా నడుస్తుంది. గాలి మెల్లగా నడిస్తే పెట్రోల్ మంచులా విడిపోదు, చుక్కలుగా జారుతుంది. ఎక్స్‌లేటర్ తొక్కగానే బండి ఒక్క క్షణం ఆలోచనలో పడుతుంది. వెనక వచ్చే ఆటోవాడు అంతసేపు ఆగడు.

*పొద్దుటే లేచి.* ఎస్‌యూలో చోక్ లాగితే గాలికి అడ్డంగా రేకు పడదు. జెట్టే కిందికి దిగి సూది చుట్టూ సందు పెంచుతుంది. “పొద్దుటే అన్నాడు సరే, మిట్టమధ్యాహ్నం మాటేమిటి?” అని శిష్యుడడగవచ్చు. ‘పొద్దుటే’ అన్నది మధ్యాహ్నానికీ ఉపలక్షణం. బి–సిరీస్‌లో కార్బొరేటరూ, ఎగ్జాస్టూ ఇంజన్‌కు ఒకే వైపున ఉంటాయి. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో బండి ఆపి, టీ తాగి వచ్చేలోపు కింది వేడికి ఫ్లోట్ గిన్నెలో పెట్రోల్ మరుగుతుంది. తడిగుడ్డ చుట్టడం ఆచారమేగాని చికిత్స కాదు. కార్బొరేటర్‌కూ మానిఫోల్డ్‌కూ నడుమ వేడి పారనివ్వని దిమ్మె, దాని వెంట రేకు కవచం ఉండాలి. కొత్త కార్బొరేటర్ తగిలించేటప్పుడు చాలామంది పీకి పారేసేది ఈ రేకునే.

*సిగ్నలు పొంత నిలిచి.* నిలబడకపోవడానికి ప్రధాన కారణం థ్రాటిల్ స్పిండిల్ అరుగుదల. అరిగిన సందులోంచి దొంగగాలి దూరుతుంది. మెకానిక్ స్లో స్క్రూ పెంచుతాడు, బండి అరుస్తుంది. స్క్రూ తగ్గిస్తే చస్తుంది. పాతసామాన్ల అంగట్లో కార్బొరేటర్ కొనేవారికి పరీక్ష ఇదీ: తళతళ చూడొద్దు. స్పిండిల్ కొసను రెండువేళ్లతో పట్టి పైకీ కిందికీ ఆడించండి. టకటక మంటే అక్కడే పెట్టి రండి. పాలిష్ చేసిన అల్యూమినియం అరిగిన బుష్షును దాచలేదు. డిస్ట్రిబ్యూటర్‌కు పోయే సన్న వాక్యూమ్ గొట్టానికి రంధ్రం ఉందో లేదో కూడా చూడాలి. లేకపోతే టైమింగ్ కావలసినంత ముందుకు జరగదు, మైలేజీ వెనక్కి జరుగుతుంది.

*వీధి మేస్త్రీ యెఱింగిన విద్య.* పద్యానికి ప్రాణం ఇక్కడ. ఎస్‌యూలో మిశ్రమం సరిచేయడానికి కావలసింది ఒక స్పానరు, ఒక చెవి. బండి వేడెక్కాక, ఐడ్లింగులో ఉండగా, పిస్టన్‌ను చిన్న పిన్నుతో ఒక మిల్లీమీటరు లోపు పైకెత్తాలి. ఇంజన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోల్ ఎక్కువ. వెంటనే చావబోతే తక్కువ. కొద్దిగా పెరిగి మళ్లీ తన దారికి వస్తే సరిపోయింది. ఎక్కువైతే జెట్ కింది ఆరు పలకల నట్టును పైకి, తక్కువైతే కిందికి, ఒక్కొక్క పలక చొప్పున తిప్పడమే. గుమ్మటం మీది మూత విప్పి డ్యాష్‌పాట్‌లో పల్చటి ఇంజనాయిల్ ఉందో చూడాలి. అది ఎండితే పిస్టన్ మరీ చురుగ్గా లేచి, తొక్కినప్పుడు బండి ఎక్కిళ్లు పెడుతుంది. పికప్ లేదని కార్బొరేటర్ మార్చినవారిలో ఈ నాలుగు చుక్కల నూనె పోసి చూడనివారూ ఉన్నారు.

సోలెక్స్ కూడా వీధి విద్యే. జెట్లు విప్పి గాలి కొడితే సగం జబ్బులు పోతాయి. అయితే జెట్‌లో తీగ దూర్చరాదు. జెట్ అంటే ఇత్తడిలో తొలిచిన కొలత. తీగ దూరిస్తే కొలత పోతుంది, రంధ్రం మిగులుతుంది.

*కొంచెమే త్రాగు.* ‘తాగడం’ ఇక్కడ ద్వ్యర్థి. 2023 నుంచి బంకుల్లోకి వచ్చిన ఈ20 పెట్రోల్లో అయిదోవంతు ఇథనాలే. శుద్ధ పెట్రోల్ తూకంలో తనకు 14.7 వంతుల గాలి కోరితే, ఇథనాల్‌కు తొమ్మిది చాలు. ఈ20కి సుమారు పదమూడున్నర. అంటే పాత సెట్టింగుతోనే నడిపితే మిశ్రమం పల్చబడుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. ఎస్‌యూలో నట్టు కొద్దిగా దింపో, ఒక మెట్టు సన్నసూది వేసో సరిపెట్టవచ్చు. సోలెక్స్‌కు కొత్త జెట్ వెతకాలి. దేనికైనా రబ్బరు గొట్టాలు, డయాఫ్రమ్‌లు, గ్యాస్కెట్లు ఇథనాల్‌కు ఓర్చేవి వేయించాలి. పాత రబ్బరు ఆ సరుకులో నాని ఉబ్బుతుంది, ఆపైన పెళుసెక్కుతుంది.

పాఠాంతర విచారము

కొన్ని ప్రతులలో, ముఖ్యంగా ఇంజనీరింగ్ కాలేజీ హాస్టలు ప్రతులలో, మొదటి పాదం చివర ‘రొదయె వలయు’ అని పాఠం. గణాలకు భంగం లేదు, యతికీ లోటు లేదు. అయినా నాలుగో పాదంలోని ‘కొంచెమే త్రాగు’తో విరోధిస్తుంది గనుక ప్రక్షిప్తమని తోసిపుచ్చుతున్నాం. పెట్రోల్ డబ్బులు నాన్నగారివైనప్పుడు పుట్టిన పాఠం కావచ్చు.

పూర్వపక్షములు

*ద్వైతులు:* “ఒక ఇంజన్‌కు రెండు కార్బొరేటర్లు ఉండవలసిందే. ఇదే 1489 సీసీ ఇంజన్ మీద ఎంజీఏ స్పోర్ట్స్ కారుకు ఒకటిన్నర అంగుళాల ఎస్‌యూలు రెండు పెట్టలేదా?” పెట్టారు, నిజమే. కానీ ఎంజీఏకు కామ్ వేరు, బరువు వేరు. దాన్ని నడిపినవాడు దిల్‌సుఖ్‌నగర్ సిగ్నల్ దగ్గర ఆగలేదు. రెండు ఉన్నాక రెండూ ఒకే మోతాదున గాలి పీల్చాలి. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, మరో కొస కార్బొరేటర్ నోట్లో పెట్టి, రెండింటి బుసా ఒకే స్వరంలో కలిసేదాకా స్క్రూలు తిప్పాలి. ఆదివారం ఉదయాన ఇది నాదోపాసన, సోమవారం ఉదయాన ఆలస్యం.

*విశిష్టాద్వైతులు:* “శరీరం ఒకటే, లోపల గొంతులు రెండు. వెబర్ 32/36 ఉండగా రెండు కార్బొరేటర్లెందుకు? నింపాదిగా పోతే 32 మిల్లీమీటర్ల గొంతు ఒక్కటే పలుకుతుంది. గట్టిగా తొక్కితేనే 36 తెరుచుకుంటుంది.” పూర్వపక్షాలలో ఇది బలమైనది, ఒప్పుకోక తప్పదు. హైవే మీద తరచూ పోయేవారికి చెల్లుతుంది కూడా. కాని ఎస్‌యూ పక్కకు తిరిగి కూర్చునేది, ఇది నెత్తిమీద నిలబడేది. దీనికి వేరే మానిఫోల్డ్ కావాలి, ఎక్స్‌లేటర్ తీగ దారి మార్చాలి, జెట్లు ఈ ఇంజన్‌కు తగ్గవి ఏరాలి. వచ్చిన డబ్బాను వచ్చినట్టు తగిలిస్తే ఎవరి ఇంజన్ జెట్లతోనో మన పెట్రోల్ పోతుంది. ఇన్నీ చేయగల మేస్త్రి మన వీధిలో ఉంటే మూడో పాదం అనుమతిస్తుంది. వేరే ఊళ్లో ఉంటే అనుమతించదు.

*శూన్యవాదులు:* “అసలు కార్బొరేటరే లేదు. సెన్సర్లు, కంప్యూటరు, ఇంజెక్టర్లు మాత్రమే సత్యం.” వీరి బళ్లు చక్కగా లేస్తాయి, ఈ20కి తమంతట తామే సర్దుకుంటాయి. అయితే ‘కార్బునే’ అన్న ఏవకారంతో కవి వీరిని ముందే నిరాకరించాడు. కారణం మూడో పాదంలోనే ఉంది: కంప్యూటరు అలిగితే విడిభాగం కొరియర్లో రావాలి, ఎస్‌యూ అలిగితే స్క్రూడ్రైవర్ చాలు.

సిద్ధాంతము

ఉన్న ఎస్‌యూను పారేయకుండా కొత్త స్పిండిల్, బుష్షులు, జెట్, సూది, ఫ్లోట్ వాల్వు, గ్యాస్కెట్లు వేయించి వాడడం ఉత్తమం. షెడ్డువాడికి సోలెక్సే చేతివాటమైతే, ఈ ఇంజన్‌కు తగిన జెట్లతో దాన్ని వాడడం మధ్యమం. ఎవరి బండి మీదో చూసి మనసుపడి, తగిలించాక జెట్ల కోసం వెతకడం అధమం.

ఛందోలంకారములు

ఇది తేటగీతి. రో–రొ, పొ–పొ, వీ–వి, గొ–కొ అని యతులు నాలుగూ చక్కగా కుదిరాయి. నాలుగు సిలిండర్ల బండికి అంతకు తక్కువ పనికిరాదు. ఉన్నదున్నట్టు చెప్పడంచేత స్వభావోక్తి అలంకారం. ‘వలదు’ అన్న ఒక్క చోట మాత్రం కవి గొంతులో అనుభవం వినిపిస్తోంది.

ఫలశ్రుతి

ఈ పద్యం చదివి ఎస్‌యూను బాగుచేయించుకున్నవాడు తొమ్మిదిన్నరకు ఆఫీసులో ఉంటాడు. చదివి కూడా జంట కార్బొరేటర్లు కొన్నవాడు పదకొండుకు షెడ్డులో ఉంటాడు. అతనికి మంచి స్నేహితులు దొరుకుతారు. చదవకుండానే కొన్నవాడు ఏడాది తిరక్కుండా బండి అమ్మకానికి పెడతాడు. చూడవచ్చిన పెద్దమనిషి బానెట్ ఎత్తి, మెరిసే గొంతుల వంక ఒక్క చూపు చూసి, బేరానికి ముందు ఒకే మాట అడుగుతాడు: “ఒరిజినల్ కార్బొరేటర్ దాచారా, బాబూ?” కనుక ఏ మతంవాడైనా సరే, విప్పిన ఎస్‌యూను మాత్రం తుక్కువాడికి వేయరాదు.