సముద్రాలు మరిగించే ఫైల్‌సిస్టమ్

లైనక్స్ కెర్నల్ 6.18 నుంచి బీక్యాష్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌ను ఊడబెరికారు. ఎవరు ఎవరిని ఏమన్నారో, ఎవరి అహం ఎక్కడ దెబ్బతిందో ఈపాటికి మీరంతా చదివే ఉంటారు. 6.7లో పీట వేసి కూర్చోబెట్టినదాన్ని రెండేళ్లు తిరక్కుండానే గెంటేశారు. దాని మీద నాకు ప్రేమా లేదు, పగా లేదు. నా మంటల్లా ఆ మర్నాటి నుంచి మొదలైన భజన మీద. “ఇక పెద్ద వాల్యూమ్ అంటే జడ్‌ఎఫ్‌ఎస్సే!”

ఏం చూసి అని అడగండి. “128 బిట్లండీ! దానికి హద్దే లేదు!”

హద్దట. మా ఆఫీసులో ఉన్నది 500 టెరాబైట్లు. అందులో సగం ఎవరూ తెరవని లాగ్ ఫైళ్లు, ఉద్యోగం మానేసిన వాళ్ల హోం డైరెక్టరీలు. ఈ సంపదకు ఆకాశం సరిపోతుందా లేదా అని బెంగ. ఈఎక్స్‌టీ4 ఒక ఎక్సాబైటు దాకా పోతుంది, అబ్బే చాలదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఎనిమిది, ఫరవాలేదు గానీ ముందుచూపు ఉండొద్దూ? బీటీఆర్‌ఎఫ్‌ఎస్ పదహారు. బాబూ, ఎక్సాబైటంటే పది లక్షల టెరాబైట్లు. మీరు పెదవి విరిచిన ఆ ఈఎక్స్‌టీ4 నిండాలంటేనే 20 టెరాబైట్ల డిస్కులు యాభై వేల పైచిలుకు కొనాలి. పన్నెండు డిస్కుల ఇండెంటు ఇంకా అకౌంట్స్ వాళ్ల బల్ల మీదే పడుంది.

జడ్‌ఎఫ్‌ఎస్ కథ ఇంకా రసవత్తరం. సన్ మైక్రోసిస్టమ్స్‌లో దాన్ని పుట్టించిన జెఫ్ బోన్విక్‌ను “128 బిట్లెందుకయ్యా?” అని ఎగతాళి చేస్తే, ఆయన 2004లో భౌతికశాస్త్రం తిరగేసి లెక్కగట్టి చూపించాడు. ఆ 128 బిట్ల వాల్యూమ్ నింపడానికయ్యే శక్తి మహాసముద్రాలను మరిగించడానికి అయ్యేదానికన్నా ఎక్కువట. ఆయన చమత్కారం ఆయనది. మనవాళ్లు దాన్ని స్లైడులో పెట్టి, కొనుగోలు కమిటీకి చూపించి, తలలూపించుకున్నారు! సముద్రాలు మరుగుతున్నప్పుడు సర్వర్ రూములో ఏసీ పనిచేస్తుందా అని ఒక్కరైనా అడిగారా? ఆ ఆవిరిలో డిస్క్ మార్చడానికి రాత్రి డ్యూటీలో ఉండేదెవరు? ఓవర్‌టైమ్ ఇస్తారా?

సంబంధం చూడబోయి ఎకరాలు అడిగి అప్పులు అడగకుండా వచ్చినట్టుంది ఈ వ్యవహారం. జడ్‌ఎఫ్‌ఎస్‌కు అసలు గొప్పతనం ఉంది. డేటా ప్రతి బ్లాకుకూ చెక్‌సమ్ పెడుతుంది, డిస్కు చడీచప్పుడు లేకుండా అబద్ధమాడితే పట్టేస్తుంది. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ తమ సొంత పద్దులకే చెక్‌సమ్ వేసుకుంటాయి, మీ డేటా సంగతి మీదే. ఈ ఒక్క మాట చెప్పి అడిగితే నేనే దస్త్రం మీద సంతకం పెట్టేవాణ్ణి. ఆ స్లైడులో అది లేదు. జడ్‌ఎఫ్‌ఎస్‌లో 2023 నవంబరులో బయటపడిన లోపం సంగతీ లేదు. కాపీ చేసిన ఫైళ్ల మధ్యలో సున్నాలు దూరాయి, వాటికీ చెక్‌సమ్ సక్రమమేనని చూపించింది. కొత్తగా వచ్చిన బ్లాక్ క్లోనింగ్ మీద ముందు నింద పడింది. తీరా చూస్తే పాత లోపమే.

మిగతావీ పతివ్రతలేం కావు. ఈఎక్స్‌టీ4 ఫార్మాట్ చేసేటప్పుడు మీరు వద్దనకపోతే అయిదు శాతం రూట్ పేరు మీద పక్కన పెడుతుంది; 500 టెరాబైట్లలో పాతిక గోవిందా. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను పెంచడం సులువు, కుదించడం దాదాపు మరిచిపోండి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ రెయిడ్ 5, 6లను అసలు పనికి వాడొద్దని దాని సొంత డాక్యుమెంటేషనే మొత్తుకుంటోంది.

అసలు డేటా ఎలా పోతుందో చూడండి. 2021 డిసెంబరులో క్యోటో యూనివర్సిటీ సూపర్‌కంప్యూటర్‌లో 77 టెరాబైట్లు, సుమారు 3.4 కోట్ల ఫైళ్లు చెరిగిపోయాయి. ఏ హద్దూ దాటలేదక్కడ. బ్యాకప్ స్క్రిప్టు నడుస్తుండగానే దాన్ని మార్చారు, అది ముట్టకూడనివి ముట్టి తుడిచేసింది. అంతే. పరిశోధకుల కష్టం పోవడానికి సముద్రాలేవీ మరగక్కర్లేకపోయింది.

నాకు నవ్వు రావడం లేదు. 500 టెరాబైట్లు పది గిగాబిట్ లైను మీద వెనక్కి తేవాలంటే, లైను క్షణం కూడా ఆగకపోతే, నాలుగున్నర రోజులు దాటుతుంది. నిజమైన లైన్లు ఆగుతాయి. 20 టెరాబైట్ల డిస్కు ఒకటి పోతే, సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున తిరిగి నింపడానికి ఒక పగలూ ఒక రాత్రీ దాటి నాలుగు గంటలు. ఆ వ్యవధిలో రెండోది పోతే? కోట్ల ఫైళ్ల వాల్యూమ్ మీద రిపేర్ నడపాల్సి వస్తే సర్వర్లో ర్యామ్ ఉందా? అన్నీ ఒకే వాల్యూములో కుక్కమని ఎవరు చెప్పారు? పదిగా విడగొడితే ఎవరి పరువు పోతుంది? ఇవి అడిగితే “నెగెటివ్‌గా మాట్లాడకండి సార్” అంటాడు నిన్నగాక మొన్న ఆర్కిటెక్టయిన కుర్రాడు.

సోమవారం మళ్లీ మీటింగట. మొదటి అంశం, “జెటాబైటు దాటితే మన వ్యూహం”. బ్యాకప్ టేపుల బడ్జెట్ వచ్చే ఏడాదికి వాయిదా వేశారు. కమిటీకి బిర్యానీ మాత్రం మంజూరైంది.