బేరాల అన్న

హైదరాబాద్ ఛత్తాబజార్‌లో శుభలేఖలు అచ్చు వేయించుకున్నవాళ్లకు బేరాల అన్నను పరిచయం చేయనక్కర్లేదు. ఆయన ఒక్కడు కాదు, గల్లీకి ఇద్దరు ముగ్గురు ఉంటారు. చేతిలో కాలిక్యులేటరు, చెవి మీద పెన్సిలు, ముఖాన ‘నన్ను ముంచేవాడు ఇంకా పుట్టలేదు’ అన్న ధీమా. కొసరుగా కొత్తిమీర కట్ట పడనిదే కూరగాయల బండి దగ్గర్నుంచి కదలడు.

వాళ్లలో ఒక అన్న చైనా నుంచి లేజర్ కటింగ్ మిషన్ తెప్పించాడు. అట్ట మీద వినాయకుణ్ణీ నెమళ్లనూ సన్నగా కోసిపెట్టే మిషన్. ఇంగ్లిషు వచ్చిన మేనల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, రాత్రిళ్లు వాట్సాప్‌లో బేరమాడాడు. “ఐదు లక్షల ఇరవై వేలు చెప్పిండు తమ్మీ, ఐదుకు పడగొట్టిన. ఓడ కిరాయి, బీమా అన్నీ అందులనే!” అని గల్లీ అంతటికీ చాయ్ తాగించాడు. ఆ ఓడ కిరాయి ముంబై దగ్గరి నవాషేవా రేవు దాకానేనని చాయ్ తాగినవాళ్లెవరూ అనలేదు. తాగుతూ ఎలా అంటారు?

రేవులో అసలు లెక్క మొదలైంది. కస్టమ్స్ సుంకం 7.5 శాతం, అంటే 37,500. ఆ సుంకంలో పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి, 3,750. ధర, సుంకం, సర్‌ఛార్జి మూడూ కలిపి, ఆ మొత్తం మీద 18 శాతం ఐజీఎస్టీ, 97,425. పన్ను మీద కూడా పన్నేనన్నమాట. అంతా కలిపి 1,38,675. “రౌండ్ ఫిగర్ చేయించు” అన్నాడు అన్న, అలవాటు కొద్దీ.

“సర్కారు లెక్క సార్” అన్నాడు క్లియరింగ్ ఏజెంటు.

మామూలు జీఎస్టీ కట్టేవాళ్లకు ఐజీఎస్టీ సొమ్ము ఇన్‌పుట్ క్రెడిట్ కింద తర్వాత సర్దుబాటవుతుంది. అన్నది కాంపోజిషన్ స్కీము. అమ్మకాల మీద ఒక్క శాతం కడితే చాలు, ఆడిటరు ఫీజూ తగ్గుతుందని ఏరికోరి అందులో చేరాడు. అందులో క్రెడిట్ ఉండదు.

ఇంతలో ఇంకో ముచ్చట. ఓడ చేరే ముందురోజుకల్లా దిగుమతి సరుకు వివరాలిచ్చే బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు కావాలి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులూ రోజుకు 5,000, ఆపైన రోజుకు 10,000 కట్టాలి. ఏజెంటు ఫీజులో 1,500 తగ్గించాల్సిందేనని అన్న రెండు రోజులు భీష్మించుకున్నాడు. ఏజెంటు తగ్గించాడు. కస్టమ్స్ వారు 10,000 వేశారు. అన్న ఇప్పటికీ ఆ 1,500 గురించే చెబుతాడు.

తర్వాత డెలివరీ ఆర్డరు (డీఓ) ఛార్జీలు, గోదాము ఛార్జీలు, కాగితాల ఛార్జీలు, చివరి వరుసలో ‘ఇతరములు’. “ఇతరములంటే ఏంది?” అని గద్దించాడు. “పైన రాయనివి సార్.”

పగలు లారీని ఊళ్లోకి రానివ్వరు, రాత్రి వచ్చినా గల్లీలో పట్టదు. హమాలీల మేస్త్రీ మిషన్‌ను చూశాడు, మెట్లను చూశాడు, అన్న ముఖం చూశాడు. రేటు మాత్రం ముఖాన్ని బట్టే చెప్పాడు. తీరా పెట్టె విప్పితే లేజర్ గొట్టాన్ని చల్లబరిచే చిల్లర్ లేదు. కొటేషన్ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, అది వేరే కొనుక్కోవాలని ఉందట.

సుంకం మీద నాకు అంత కోపం లేదు. ఎక్కువా తక్కువా అన్నది వేరే తగువు గానీ, కనీసం అది ముందే అచ్చులో ఉంటుంది, అడిగితే ఎవరైనా చెబుతారు. నా కోపమంతా ఆ చిన్న అక్షరాలవాళ్ల మీదే. పెద్ద కంపెనీలో వాటిని చదవడానికి ఒక విభాగమే పనిచేస్తుంది. అన్నకు మేనల్లుడున్నాడు.

అన్న మాత్రం ఏమీ నేర్చుకోలేదనడానికి వీల్లేదు. ఇప్పుడు కొట్టు ముందు పెద్ద బోర్డు పెట్టాడు: ‘లేజర్ కార్డు నలభై రూపాయలే’. కవరు, లోపలి కాగితం, బంగారు రేకు, డిజైను మార్పు ఎంతో అడిగితే, “అవన్నీ ఎక్స్‌ట్రా అమ్మా” అంటాడు నవ్వుతూ.

మీ ఇంట్లో పెళ్లి ఉంటే ఆయన దగ్గరికే వెళ్లండి, పని శుభ్రంగా చేస్తాడు. నలభై దగ్గర బేరమాడి అలిసిపోకండి. అన్నీ కలిపి ఎంతో కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.