జిగ్లీ రంపం ఆత్మకథ

నేను తీగ రంపాన్ని. ఆపరేషన్ థియేటర్లో నన్ను జిగ్లీ రంపం అంటారు. సన్నని ఉక్కు తీగలకు పురిపెట్టి నన్ను చేశారు. ఆ పురుల గరుకే నా పదును. కొసలకు రెండు పిడులు తగిలిస్తారు. 1894లో నన్ను లోకానికి పరిచయం చేసింది ఇటలీలోని ఫ్లోరెన్స్‌కు చెందిన ప్రసూతి వైద్యుడు లియొనార్డో జిగ్లీ. కాన్పు కష్టమైన తల్లుల కటి ఎముకను కోసి, బిడ్డకు దారి ఇవ్వడానికి పుట్టాను. కాళ్లు, చేతులు తీసే పని తర్వాత వచ్చింది.

కాలిలో కుళ్లు పైకి పాకి ప్రాణం మీదికి వచ్చినప్పుడు నన్ను బయటికి తీస్తారు. ఎక్కడ కోయాలన్నదే పెద్ద చిక్కు. రక్తం సరిగా అందని చోట కోస్తే గాయం మానదు, మళ్లీ ఇంకా పైన కోయాల్సి వస్తుంది. మరీ పైకి వెళితే మోకాలు పోతుంది. మోకాలు దక్కితే కృత్రిమ కాలితో నడవడం ఎంతో తేలిక. అందుకే దాన్ని నిలపడానికి సర్జన్ చివరిదాకా చూస్తారు.

మత్తిచ్చి, చర్మం, కండ కోసి, రక్తనాళాలను ముడివేస్తారు. నరాన్ని మెల్లగా కిందికి లాగి కోసి వదిలితే కండలోకి వెళ్లిపోతుంది. కొసనే ఉండిపోతే అక్కడ గడ్డలా ఉబ్బి, తాకితే చాలు జివ్వుమంటుంది. నరం పని అయ్యాక నన్ను ఎముక చుట్టూ తిప్పి అటూ ఇటూ లాగుతారు. రాపిడి వేడికి ఎముక దెబ్బతినకుండా సెలైన్ పోస్తూనే ఉంటారు. అంచులను ఆకురాయితో నునుపు చేసి, కండను మెత్తలా కప్పి కుడతారు.

నా పని నిమిషాల్లో ముగుస్తుంది, గండాలు మాత్రం ఇంకా ఉంటాయి. రక్తస్రావం కావచ్చు, చీము పట్టవచ్చు. సిరలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరవచ్చు. సుఖంగా ఉంటుందని మోకాలి కింద దిండు పెడితే కీలు వంగినట్టే బిగుసుకుపోతుంది. లేని కాలి వేళ్లు మండుతున్నాయని రోగి అంటే భ్రమ అని కొట్టిపారేయకండి. ఆ నొప్పి నిజం. దానికి మందులున్నాయి, నాడీ శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ చూపిన అద్దం చికిత్స కొందరికి ఉపశమనమిస్తుంది.

నా దగ్గరికి వచ్చే కాళ్లలో ఎన్నో షుగరు ఉన్నవాళ్లవి. నరాలు మొద్దుబారితే ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా తెలియదు. అందుకే రోజూ అరికాళ్లు చూసుకోండి; వంగలేకపోతే ఇంట్లోవాళ్లను చూడమనండి. వట్టి కాళ్లతో తిరగకండి. బీడీ, సిగరెట్టు మానండి. మానని పుండుకు పసర్లు కడుతూ రోజులు పోగొట్టక, వెంటనే డాక్టరుకు చూపించండి.