నిన్నటికి ప్రమాణం, రేపటికి శంకుస్థాపన

బిక్కవోలు లక్ష్మీగణపతి చెవిలో చెప్పుకుంటే కోరిక తీరుతుందని గోదావరి జిల్లాల్లో గట్టి నమ్మకం. ఉద్యోగాలు, సంబంధాలు, వీసాలు అన్నీ ఆ చెవినే పడతాయి. 2020 డిసెంబరులో మాత్రం స్వామివారికి వేరే పని తగిలింది. అప్పటి అనపర్తి ఎమ్మెల్యే సత్తి సూర్యనారాయణరెడ్డి, మాజీ ఎమ్మెల్యే నల్లమిల్లి రామకృష్ణారెడ్డి ఒకరి అవినీతిని ఒకరు ఏకరువు పెట్టుకుని, సంగతి తేల్చుకోవడానికి సతీసమేతంగా ఆ గుడికే వచ్చి సత్యప్రమాణాలు చేశారు. ఊళ్ళో 144 సెక్షన్, ఎటు చూసినా పోలీసులు. ఇద్దరూ నిజమే చెప్పామన్నారు. స్వామి ఎటూ చెప్పలేదు. ఆయనకి వినడమే అలవాటు.

మన నాయకులు గుడిమెట్లెక్కేది ఎప్పుడూ నిన్నటి సంగతికే. నేను తినలేదు, తిన్నది వాడే. అంతే. ఫలానా తేదీకి ఫలానా పని చేస్తానని దేవుడి ముందు కర్పూరం ఆర్పిన మగాణ్ణి ఇంతవరకూ చూడలేదు. రేపటి పనికి దేవుణ్ణి సాక్ష్యం పిలవరు, రాయిని పిలుస్తారు. దాని మీద పేరు చెక్కించి, కొబ్బరికాయ కొట్టి, ఫొటో దిగి వెళ్ళిపోవచ్చు. అది శాపం పెట్టదు, కళ్ళు పొడవదు. మరీ పాతబడితే పక్కనే ఇంకోటి వేసుకోవచ్చు.

అనుమానముంటే కోనసీమ వాళ్ళని అడగండి. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో కాకినాడ–కోటిపల్లి రైలు పట్టాలు పీక్కుపోయారు. మళ్ళీ వేసి రైలు నడిపేసరికి 2004 వచ్చింది. ఆ లైనుని అమలాపురం మీదుగా నరసాపురం దాకా, మరో 57 కిలోమీటర్లు లాగుతామని 2000-01లో మంజూరు చేశారు. అప్పుడు లోక్‌సభ స్పీకరు అమలాపురం ఎంపీ బాలయోగి గారే. 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన పోయారు. తరవాత గౌతమిలో వంతెన స్తంభాలు లేచాయి. వాటా మీరివ్వలేదంటే మీరివ్వలేదని ఢిల్లీకీ రాష్ట్రానికీ ఉత్తరాలు నడిచాయి. మంజూరైన ఏడు పుట్టిన పిల్లలు ఇంజనీరింగ్ చదివి హైదరాబాదు వెళ్ళిపోయారు, బస్సెక్కి. ఎన్నికల సభల్లో మాత్రం అమలాపురం రైలు ఏనాడూ లేటు కాలేదు. పోలవరం గడువంటారా, అది పంచాంగం లాగా ఎప్పటికప్పుడు కొత్తది అచ్చవుతుంది. 2018 అన్నారు, 2021 డిసెంబరన్నారు, ఇప్పుడు 2027 అంటున్నారు.

ఈ జబ్బుకి మందు అన్నవరం కొండమీద రోజూ చదువుతూనే ఉంటారు. సత్యనారాయణ వ్రతకథలో వర్తకుడు, బిడ్డ పుడితే వ్రతం చేస్తానన్నాడు. పుట్టింది. లీలావతి గుర్తు చేస్తే, కళావతి పెళ్ళికి చేద్దాంలే అన్నాడు. పెళ్ళీ అయింది, వ్రతం ఊసు లేదు. ఆఖరికి చెయ్యని దొంగతనానికి మామా అల్లుడూ ఖైదులో పడ్డారు. హామీల్ని దశలవారీగా అమలు చేసే పద్ధతి కనిపెట్టినవాడు ఆయనే. మనం కథంతా విని, గోధుమరవ్వ ప్రసాదం కళ్ళకద్దుకుని తిని, నీతిని విస్తరాకుతో పాటు అక్కడే వదిలేసి కొండ దిగుతాం.

నాయకుల్నే అనడం దేనికి? తలుపులెప్పుడిస్తావయ్యా అని వడ్రంగిని అడిగాను.

"గురువారం ఇచ్చేత్తానండి."

"పోయిన వారమూ గురువారమే అన్నావు కదా?"

"ఆయ్, నేను మాట మార్చే మనిషిని కాదండి. ఇప్పుడూ గురువారమే అంటున్నాను."

ఏ గురువారమో అడక్కపోవడం నా తప్పేనట. ఈయన తలుపుల దగ్గరే ఆగిపోయాడు గానీ, మంత్రి కావలసినవాడు.

ఇక ఓటరు మహాశయుడు. పొద్దున్న వచ్చినాయన ఇచ్చిన కవరు పుచ్చుకుని "ఓటు తమకేనండి" అంటాడు. సాయంత్రం వచ్చినాయన్నీ చిన్నబుచ్చడు. "తమకి కాక ఇంకెవరికండీ, ఆయ్!" అంటూ రెండో కవరూ జేబులో పెడతాడు. గోదావరి మర్యాద అలాంటిది, గుమ్మంలోకొచ్చిన మనిషిని ఉత్తచేతులతో పంపదు, ఉత్తమాటైనా ఇచ్చి పంపుతుంది. మాట తప్పిన నాయకుణ్ణి అయిదేళ్ళకోసారి ఇంటికి పంపే వీలు మనకుంది. ఇద్దరికీ మాటిచ్చిన మనల్ని ఇంటికి పంపుదామంటే పాపం వాళ్ళకా దారీ లేదు. మనం ఉన్నదే ఇంట్లో.