గుంతాపథం: ఒకే ఒక్క వాక్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

కోలాచలం మల్లినాథ సూరి మన మెదక్ సీమవాడు. భారవి కిరాతార్జునీయానికి వ్యాఖ్య రాసి, దానికి ఘంటాపథమని పేరు పెట్టాడు. మెడలో గంటలు కట్టిన ఏనుగులు నిబ్బరంగా నడిచిపోయే రాజమార్గమని అర్థం. నేను బెజవాడవాణ్ని. మా వీధిలో ఏనుగులూ లేవు, నిబ్బరమూ లేదు. అందుచేత ఈ వ్యాఖ్యకు గుంతాపథమని పేరు.

మూలకర్త్రి మా ఆవిడ. శ్రీమంతం అయిన వారానికి, ఏడో నెలలో, డాక్టరమ్మ దగ్గర్నుంచి స్కూటరు మీద ఇంటికొచ్చి, గేటు పట్టుకుని నిలబడి సెలవిచ్చింది.

మూలం

"ఏమండీ, ఇక వెనక కూర్చోవడం నా వల్ల కాదు, ఏదో ఒక కారు చూడండి, చాలు."

పైకి ద్రాక్షాపాకం. కొరికి చూశాక నారికేళమని తెలిసింది. పీచు తియ్యడానికే నాకు ఆరు వారాలు పట్టింది.

ప్రతిపదార్థం

ఏమండీ = ఓయి భర్తా. చివరి అచ్చు ఇక్కడ ప్లుతం, మూడు మాత్రల కాలం పలికింది. దూరాన ఉన్నవాణ్ని పిలిచేటప్పుడు ప్లుతం వస్తుందని వ్యాకరణం. నేను అప్పుడు మూరెడు దూరంలోనే స్కూటరుకు స్టాండు వేస్తున్నాను. కాబట్టి ఆ దూరం నేల మీద కొలిచేది కాదని గ్రహించాలి.

ఇక = ఈ క్షణం మొదలుకొని. 'వచ్చే ఏడు జీతం పెరిగిన పిమ్మట' అని కొందరు అర్థం చెబుతారు. ఆ కొందరూ నేనే. ఆ అర్థం నిలవలేదు.

వెనక = స్కూటరు వెనక సీటున. ప్రస్తుతానికి ఇంతే. ఈ పదం దగ్గరికి మళ్లీ రావాలి.

కూర్చోవడం = కాళ్లు రెండూ ఒకే పక్కకు వేసి, చీర కుచ్చిళ్లు చక్రంలో పడకుండా చూసుకుంటూ, ఒక చెయ్యి నా భుజాన, ఒక చెయ్యి పొట్ట కింద ఆనించి, బెంజి సర్కిల్ నుంచి ఇంటిదాకా ప్రతి స్పీడ్ బ్రేకరుకీ ఊపిరి బిగబట్టడం. ఇంత పనినీ 'కూర్చోవడం' అనెయ్యడం అతిశయోక్తిని తిరగేస్తే వచ్చే అలంకారం.

నా వల్ల = ఇక్కడ ఏకవచనం ఎలా కుదిరింది? గేటు దగ్గర ఉన్నది ఇద్దరు కదా. సంస్కృతంలోనైతే ద్వివచనం ఉంది, సరిపోయేది. తెలుగులో లేదు గనక రెండో మనిషిని అధ్యాహారం చేసుకోవాలి.

కాదు = కాదు.

ఏదో ఒక = నేను మొదట అభిధ పట్టుకుని వేలాడాను. ఏదైనా సరే అందనుకుని, ఒక ఆదివారం పదేళ్ల పాత కారొకటి బేరం చేసి వచ్చాను. తలుపులు రెండే, వెనక్కి వెళ్లాలంటే ముందు సీటు మడవాలి. "ఏదో ఒకటి అన్నావుగా" అన్నాను. ఆవిడ నా వంక చూసింది. ముఖ్యార్థానికి బాధ కలిగితే లక్షణను ఆశ్రయించాలని శాస్త్రం. బాధ సంపూర్ణంగా కలిగింది. 'నేను నోరు విప్పి చెప్పకుండానే మీకు తెలియాల్సిన ఆ ఒక్కటి' అని ఇక్కడి ధ్వని.

చూడండి = చూడమంది గాని కొనమనలేదు కదా అని నాలుగు షోరూములు చూశాను. రాత్రిళ్లు వీడియోలు చూశాను. కరపత్రాలతో సజ్జ నిండింది.

చాలు = దీనికి అర్థం రాసేంత ధైర్యం వ్యాఖ్యాతకు లేదు.

పాఠాంతరాలు

మూలంలో లేని మాట రాయనని మల్లినాథుడు ప్రతిజ్ఞ పట్టాడు. మా బంధువులు అలాంటి ప్రతిజ్ఞలేవీ పట్టలేదు.

మా అమ్మ దగ్గరున్న ప్రతిలో 'ఏదో ఒక కారు' అన్నచోట 'ఏడు సీట్ల కారు' అని ఉంది. ఈ పాఠం ప్రకారం ఎర్టిగా చూడబోయాను. మూడో వరుస సీట్లు లేపి ఏడుగుర్ని కూర్చోబెడితే డిక్కీలో మిగిలేది 209 లీటర్ల చోటు. ఇంటిల్లిపాదీ ఎక్కుతారు, ఉయ్యాల దిగిపోవాలి. మా బావమరిది ప్రతిలో 'సీఎన్‌జీ కారు' అని ఉంది. "మైలేజీ చూడు బావా" అని అతని టీక. సిలిండరు వెళ్లి కూర్చునేది డిక్కీలోనే. రెండు చిన్న సిలిండర్లను అడుక్కి సర్ది కాస్త చోటు మిగిల్చే ఏర్పాటు ఇప్పుడు వచ్చింది గాని, బావమరిది చూపించినవి ఆ రకం కావు.

ఇక్కడ డిక్కీ గురించి రెండు మాటలు. బిడ్డకు మూడో నెలో అయిదో నెలో రాగానే ఏలూరులో పుట్టింటి నుంచి హనుమాన్ జంక్షన్ మీదుగా రావాలి. వెంట సారె వస్తుంది. లడ్డూల బుట్ట, కాజాల బుట్ట, ఉయ్యాల, బిడ్డకు పోసే నీళ్ల బిందె. కంపెనీవాళ్లు డిక్కీని లీటర్లలో కొలుస్తారు. నేను బిందె పట్టుకెళ్లి పెట్టి చూశాను. సేల్స్ కుర్రాడు నవ్వాడు. బిందె పట్టింది, తలుపు పడలేదు.

ఛందస్సు

కారుకూ గణనియమం ఉంది. పొడవు నాలుగు మీటర్ల లోపు, పెట్రోలు ఇంజను 1,200 సీసీ లోపు ఉంటే జీఎస్టీ 18 శాతం. దాటితే 40. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇదీ లెక్క. అందుకే షోరూములో టేపు పెట్టి చూడండి, కారు తర్వాత కారు 3,995 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. పద్యపాదం గణాల్లో పట్టక కవి దీర్ఘాన్ని హ్రస్వం చేసినట్టు, డిజైనరు డిక్కీని కురచ చేస్తాడు. డిజైనరును అని లాభం లేదు, నియమం పెట్టింది ఖజానా.

పూర్వపక్షం

వాది మా మేనమామ. "ఒరేయ్, నిన్ను మీ అమ్మ మారుతీ 800లో ఒళ్లో పెట్టుకుని అన్నవరం తీసుకెళ్లింది. ఏమైంది నీకు? పసిపిల్లాడికి వేరే కుర్చీ ఏమిట్రా? తల్లి ఒడిని మించిన కుర్చీ ఉందా?"

ఈ చివరి ప్రశ్నకు ఏ సభలోనైనా చప్పట్లు పడతాయి. సమాధానం మాత్రం లెక్కల మాస్టారు చెప్పాలి. కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతూ దేన్నో గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిందనుకుందాం. నాలుగు కిలోల బిడ్డ ఆ క్షణాన 50 కిలోల పైచిలుకు బరువై ముందుకు దూకుతుంది. అంటే ఒక సిమెంటు బస్తా. తల్లి ప్రేమకు హద్దు లేకపోవచ్చు గాని మణికట్టుకు ఉంది. ఇది చెబితే మామయ్య, "అయితే మెల్లగా తోలు" అన్నాడు. ఎదుటి లారీవాడికి ఆ సలహా ఎవరిస్తారో చెప్పలేదు.

మా పెద్దత్తయ్యది ఇంకో ఆక్షేపణ. భార్య కడుపుతో ఉండగా భర్త ఇల్లు కట్టరాదు, సముద్రస్నానం చెయ్యరాదు, శవం మొయ్యరాదు అని పెద్దలు జాబితా రాశారు. నేను దాన్ని రెండుసార్లు చదివాను. కారు లేదు. నిషేధం లేనిచోట అనుమతి ఉన్నట్టే అని సిద్ధాంతం చేశాను. వాయిదాల సంగతి కూడా పెద్దలు ముందే ఆలోచించి ఉంటే ఆ జాబితాలో చేర్చేవారేమో.

'వెనక' పదంపై విశేష వ్యాఖ్య

నన్నడిగితే మూలమంతా ఈ ఒక్క పదంలోనే ఉంది. నాకు సలహా చెప్పిన పదిమందీ స్టీరింగు పట్టుకునేవాళ్లే. మైలేజీ, పికప్పు, గేర్లు, బానెట్టు ఠీవి: అందరి కారూ ముందు సీటు దగ్గరే ముగుస్తుంది. మూలకర్త్రి మాట్లాడింది వెనక సీటు నుంచి. నా మిడిమేళం కాకపోతే మొదటి రోజే తట్టాలి.

శ్లేష కూడా ఉంది. రెండో అర్థం: పసిబిడ్డ కారులో వెనక్కి తిరిగి కూర్చోవాలి. పసివాడి తల ఒళ్లంతటిలో నాలుగో వంతు, మెడ లేతది. ముందుకు చూస్తూ కూర్చుంటే కుదుపంతా మెడ మీద పడుతుంది. వెనక్కి తిరిగి ఉంటే వీపంతా పంచుకుంటుంది. ఈ ఊహ స్వీడన్‌లో 1964లో బొమ్మ కట్టింది. బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ఆయన, వ్యోమగాముల సీట్లు చూసి పిల్లల సీటు చేశాడు. మా పెరటి ఉయ్యాలకూ రాకెట్టుకూ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని నాకు తెలియదు. ఇలాంటి సీటు ముందు ఎయిర్‌బ్యాగు పనిచేస్తున్నచోట పెట్టకూడదు, అది తెరుచుకుంటే సీటు వీపు మీద గుద్దుతుంది. వెనక సీటు మడతలో ఐసోఫిక్స్ అని రెండు కొక్కేలుంటాయి, వాటికి తగిలించాలి. షోరూములో ఆ కొక్కేలెక్కడున్నాయని అడిగాను. కుర్రాడు నాతోపాటే వెతికాడు.

మన దేశపు పరీక్ష భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు 1న మొదలైంది. పెద్దల రక్షణకు 32 మార్కులు, పిల్లల రక్షణకు 49. రెంటికీ విడివిడిగా నక్షత్రాలిస్తారు. బ్యానరు మీద అయిదు నక్షత్రాలు చూసి చప్పున సంతకం పెట్టకుండా, పిల్లల నక్షత్రాలెన్నని విడిగా అడగాలి. ఇదంతా చెబితే మా అమ్మ, "అయిదెందుకు నాయనా, పుట్టేవాడిది ఒక్క నక్షత్రం మంచిదైతే చాలదూ" అంది.

ఆరో వారం మా ఆవిణ్నే తీసుకెళ్లాను. బానెట్టు వైపు చూడనే లేదు. నేరుగా వెనక తలుపు తెరిచి, నడుం వంచకుండా కూర్చుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగింది. మళ్లీ ఎక్కింది. కొనబోయే పిల్లల సీటు పెట్టించి, ముందు సీట్లో నా మోకాళ్లు డాష్‌బోర్డుకు తగులుతున్నాయేమో అక్కణ్నుంచే వంగి చూసింది. తగిలాయి. "కాస్త సర్దుకోండి" అంది. "ఎంత మైలేజీ ఇస్తుందో అడగవేం?" అన్నాను. "అది మీరు అడిగేశారుగా" అంది. నాలుగో కారు దగ్గర మళ్లీ దిగలేదు. సీటుకు ఆనుకుని కళ్లు మూసుకుంది. నేను వెళ్లి అడ్వాన్సు కట్టాను.

గద్య

ఇది సకల షోరూము సంచార సంప్రాప్త కరపత్ర భారవాహకుండును, శ్యాలక మాతుల హితోపదేశ శ్రవణ జర్జరిత కర్ణుండును, షష్టి మాస వాయిదా బద్ధుండునునగు భర్త ప్రణీతంబైన గుంతాపథంబను వ్యాఖ్యయందు ప్రథమ వాక్యము సమాప్తము.

రెండో వాక్యం నిన్న రాత్రి వచ్చింది. మూలం: "ఆ స్కూటరు మాత్రం అమ్మకండి."